క్రియాటినిన్ వెనక ఉన్న మనిషి

ఆరోగ్యవంతుల మూత్రపిండాలు నిమిషానికి సుమారు 120 మిల్లీలీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. రోజుకు 170 లీటర్ల పైమాటే. అందులో మూత్రంగా బయటికొచ్చేది ఒకటిన్నర లీటరు. మిగతాదంతా తిరిగి రక్తంలోకే చేరుతుంది. కాబట్టి మూత్రం ఎంత వచ్చిందో చూసి వడపోత ఎలా ఉందో చెప్పలేం.

అసలు అక్కడ జరిగేది వడపోతేనా అన్నదే చాలాకాలం తేలలేదు. 1840లలో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ రక్తపు ఒత్తిడే ద్రవాన్ని వడకడుతుందన్నాడు. కాదు, కణాలే మూత్రాన్ని స్రవిస్తాయని మరికొందరు వాదించారు. 1924లో ఫిలడెల్ఫియాలో ఎ.ఎన్. రిచర్డ్స్, జోసెఫ్ వెర్న్ సూక్ష్మదర్శిని కింద కప్ప మూత్రపిండంలోని వడపోత జరిగే రక్తనాళాల చుట్ట, ఒక్క గ్లోమెరులస్ తొడుగులోకి వెంట్రుకలాంటి గొట్టాన్ని దించి, చుక్క ద్రవం లాగారు. అందులో ప్రోటీన్ లేదు, చక్కెర ఉంది. అదే కప్ప మూత్రాశయంలో చూస్తే చక్కెర లేదు. ముందు వడపోత, తర్వాత తిరిగి పీల్చుకోవడం: రెండూ ఆ చుక్కలో రుజువయ్యాయి.

ఇక కొలవాలి. కేవలం వడపోతతోనే బయటికి పోయే పదార్థం దొరికితే, రక్తంలో దాని గాఢతనూ, మూత్రంలో వెళ్లిన మొత్తాన్నీ పోల్చి లెక్క కట్టొచ్చు. కోపెన్‌హాగన్‌లో రేబర్గ్ అనే శాస్త్రవేత్త 1926లో తనే క్రియాటినిన్ అనే పదార్థాన్ని తాగి లెక్క వేశాడు. 1930లలో హోమర్ స్మిత్, రిచర్డ్స్ విడివిడిగా ఇన్యులిన్ దగ్గరికి చేరారు. డాలియా దుంపల్లో దొరికే ఈ పిండిపదార్థమే నేటికీ ప్రామాణికం. కానీ దాన్ని నరంలోకి ఆగకుండా ఎక్కించాలి, గడియారం చూసుకుంటూ మూత్రం పట్టాలి. వార్డులో రోజూ అయ్యే పని కాదు.

అందుకే అంచనా సూత్రాలు వచ్చాయి. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ 249 మందిని పరిశీలించి వయసు, బరువు, రక్తంలోని క్రియాటినిన్‌లతో ఒక సూత్రం ఇచ్చారు. వాళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే. ఆడవాళ్లకు పదిహేను శాతం తగ్గించమన్నారు. అది వాళ్లను కొలిచి తేల్చిన అంకె కాదు. 1999లో అమెరికాలో వచ్చిన ఎండీఆర్‌డీ సూత్రం నల్లజాతీయుల ఫలితాన్ని సుమారు 20 శాతం పెంచి చూపించింది. కాగితం మీద కిడ్నీలు బాగున్నట్టు కనిపిస్తే వాళ్లు కిడ్నీ మార్పిడి జాబితాలోకి ఆలస్యంగా చేరతారు. ఇది చిన్న పొరపాటు కాదు, మనుషుల ఆయుష్షుతో ముడిపడిన అన్యాయం. 2021లో జాతి ప్రస్తావన లేని సూత్రం వచ్చింది. 2023 నుంచి అక్కడి నల్లజాతి రోగులకు పోయిన నిరీక్షణ కాలాన్ని లెక్కలో తిరిగి కలపడం మొదలైంది.

ఈ సూత్రాలకు ఆధారం, వడపోత తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్. అది పుట్టేది కండరంలో. కండ తక్కువుంటే రక్తంలో అదీ తక్కువే. అప్పుడు సూత్రం కిడ్నీని ఉన్నదానికంటే మెరుగ్గా చూపిస్తుంది. పైగా వడపోత సగం దాకా పడిపోయినా క్రియాటినిన్ మామూలు హద్దుల్లోనే ఉండొచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ రెండూ కలిసి ప్రమాదం తెస్తాయి. అక్కడ వ్యాపించిన కిడ్నీ జబ్బు తొలిదశలో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, ఒంటి మీద వాపూ కనిపించదు. పట్టుకోవడానికి చేతిలో ఉండేది ఎక్కువగా క్రియాటినిన్ అంకె ఒక్కటే. జీడితోటలో పనిచేసే బక్కపలచని మనిషికి క్రియాటినిన్ డెసిలీటరుకు 1.1 మిల్లీగ్రాములు వస్తే, నార్మల్ అని పంపేసే ముందు ఆ మనిషిని ఒకసారి చూడాలి. సందేహముంటే కండరంపై అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి పరీక్ష ఉంది. ఖరీదు ఎక్కువైన ఆ పరీక్షను ఊరి ఆసుపత్రికి చేర్చడం ప్రభుత్వం చేయాల్సిన పని.