ఓటింగ్ యంత్రాల ధ్రువీకరణ: అమెరికా స్థానిక ఎన్నికల కార్యాలయాలు

ఓటును నమోదు చేసే, లెక్కించే యంత్రాలూ వాటిని నడిపే సాఫ్ట్‌వేరూ నిర్ణీత ప్రమాణాలకు తగినట్టు ఉన్నాయో లేదో పరీక్షించి ఆమోదముద్ర వేయడమే ఓటింగ్ యంత్రాల ధ్రువీకరణ. అమెరికాలో ఇది కేంద్ర, రాష్ట్ర స్థాయులు రెండింటిలోనూ జరుగుతుంది. పరీక్షకు యంత్రాన్ని పంపేది తయారీ సంస్థ. దాని ఫలితంతో ఏళ్ల తరబడి నెగ్గుకురావలసింది మాత్రం కౌంటీ లేదా పట్టణ ఎన్నికల కార్యాలయం. అమెరికాలో ఎన్నికలను ఒకే జాతీయ సంస్థ నిర్వహించదు. ఆ పని దాదాపు 10,000 స్థానిక పాలనా విభాగాల చేతుల్లో ఉంది. టెక్సాస్‌లోని 254 కౌంటీలు వేటికవే ఎన్నికలు జరుపుకుంటాయి. విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లో ఈ బాధ్యత చాలావరకు పట్టణాల, గ్రామాల క్లర్కులదే. దేశంలోనే అత్యధిక ఓటర్లున్న లాస్ ఏంజెలిస్ కౌంటీకీ, పార్ట్‌టైమ్ క్లర్కు ఒక్కరే నెట్టుకొచ్చే ఊరికీ కేంద్ర ప్రమాణాలు ఒక్కటే.

తొలి జాతీయ ప్రమాణాలను ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ 1990లో వెలువరించింది. వాటి ప్రకారం యంత్రాలను పరీక్షింపజేసే బాధ్యతను 1994 నుంచి రాష్ట్రాల ఎన్నికల డైరెక్టర్ల సంఘం నిర్వహించింది. 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా పంచ్‌కార్డు బ్యాలెట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక కాంగ్రెస్ 2002లో ‘హెల్ప్ అమెరికా వోట్’ చట్టం చేసింది. ఎన్నికల సహాయ కమిషన్ అలా పుట్టింది. ప్రమాణాల సాంకేతిక రూపకల్పనలో జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ దానికి తోడ్పడుతుంది. పరీక్షలు గుర్తింపు పొందిన ప్రైవేటు ప్రయోగశాలల్లో జరుగుతాయి. అలబామాలోని ప్రో వీ అండ్ వీ, కొలరాడోలోని ఎస్ఎల్ఐ కంప్లయన్స్ వాటిలో ముఖ్యమైనవి. ఈ కమిషన్ ప్రమాణాల మొదటి సంచిక 2005 డిసెంబరులో, సవరించిన 1.1 సంచిక 2015 మార్చిలో, పూర్తిగా తిరగరాసిన 2.0 సంచిక 2021 ఫిబ్రవరిలో ఆమోదం పొందాయి.

ఈ ప్రమాణాల అధికారిక నామంలోనే ‘స్వచ్ఛంద’ అనే మాట ఉంది. కేంద్రం వరకు అది నిజమే, ఏ రాష్ట్రాన్నీ అది బలవంతపెట్టదు. కానీ చాలా రాష్ట్రాలు తమ చట్టాల్లో వీటిని ఏదో ఒక రూపంలో చేర్చుకోవడంతో ఐచ్ఛికం కాస్తా అనివార్యమైంది. కొన్ని రాష్ట్రాలు కేంద్ర ధ్రువపత్రం ఉండి తీరాలంటాయి. కొన్నింటికి గుర్తింపు ఉన్న ప్రయోగశాల పరీక్ష చాలు. కాలిఫోర్నియాకు సొంత ప్రమాణాలే ఉన్నాయి. క్లర్కు మాత్రం, దారి ఏదైనా, రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉన్న యంత్రాన్నే కొనాలి. ఆ జాబితా పొడవైనదేమీ కాదు. పరీక్షల ఖర్చునూ జాప్యాన్నీ తట్టుకోగలిగిన కంపెనీలు కొన్నే కాబట్టి, ఇఎస్ అండ్ ఎస్, డొమినియన్, హార్ట్ ఇంటర్‌సివిక్ అనే మూడు సంస్థలే చాలా ఏళ్లు మార్కెట్‌లో అత్యధిక భాగాన్ని పంచుకున్నాయి. టెండరు పిలిచినా బేరమాడే వీలు చిన్న కౌంటీలకు పెద్దగా ఉండదు.

ధ్రువీకరణ నాణ్యతకు హామీ ఇస్తుంది. 2002 నాటి ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ ప్రమాణాల ప్రకారం బ్యాలెట్‌పై గుర్తు పెట్టే స్థానాలు కోటి లెక్కిస్తే తప్పు ఒకటికి మించకూడదన్నది లక్ష్యం. పరీక్షలో అయిదు లక్షలకు ఒక తప్పు వరకు సహిస్తారు. సొంత ఇంజనీర్లు లేని కార్యాలయం ఇంతటి పరీక్ష తనంతట తాను చేసుకోలేదు. అయితే ఇదే హామీకి ఒక ఇబ్బంది కూడా ముడిపడి ఉంది. ఆమోదం దక్కేది ఫలానా యంత్రానికి, ఫలానా సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కు, ఫలానా ఆపరేటింగ్ సిస్టమ్‌కు కలిపి. అందులో ఏది మార్చినా మళ్లీ అనుమతి కావాలి. మామూలు ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్‌కు భద్రతా ప్యాచ్ రాగానే వేసేస్తారు. ఓట్లు లెక్కించే కంప్యూటర్‌కు అలా వేస్తే అది ధ్రువీకరించిన యంత్రమేనా అన్న ప్రశ్న వస్తుంది.

విండోస్ 7 వ్యవహారంలో ఈ చిక్కు బాగా బయటపడింది. ఆ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. బ్యాలెట్లు తయారుచేసే, ఫలితాలు క్రోడీకరించే కంప్యూటర్లలో చాలావాటిలో అప్పటికీ అదే నడుస్తోంది, పైగా కొన్నింటికి కేంద్ర ధ్రువపత్రం కొత్తగా వచ్చింది. అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో వేల కార్యాలయాలు కొత్త వెర్షన్‌కు మారి, సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇవ్వడం కుదిరే పని కాదు. చివరికి కేంద్ర ధ్రువీకరణ ఉన్న వ్యవస్థలకు 2020 ఎన్నికలు ముగిసేదాకా భద్రతా సవరణలను ఉచితంగా ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. చిన్నపాటి సాఫ్ట్‌వేర్ మార్పులకు పూర్తి పరీక్ష అక్కర్లేని దారిని కమిషన్ కల్పించింది. భద్రత కోసం పెట్టిన నియమమే భద్రతా సవరణకు అడ్డు రావడం ఈ వ్యవస్థలోని పాత లోపం.

నియమాలు ఆలస్యమైతే ఆ భారం కూడా కిందికే దిగుతుంది. సభ్యుల నియామకాలు జరగక 2010 చివరి నుంచి 2015 ఆరంభం వరకు ఎన్నికల సహాయ కమిషన్‌కు కోరం లేదు. యంత్రాలు పాతబడుతున్న ఆ నాలుగేళ్లూ కొత్త ప్రమాణాలకు ఆమోదం ఆగిపోయింది. తర్వాత వచ్చిన 2.0 సంచిక ప్రకారం సాఫ్ట్‌వేర్ తప్పు చేసినా ఫలితం మారిన సంగతి బయటపడేలా కాగితం వంటి స్వతంత్ర ఆధారం ఉండాలి. యంత్రం వైర్‌లెస్‌గా అనుసంధానం కాగలిగేలా ఉండకూడదు. 2023 నవంబరు 16 తర్వాత పాత ప్రమాణాల కింద కొత్త వ్యవస్థల దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. అంతమాత్రాన పాత యంత్రాల ధ్రువపత్రాలు రద్దు కావు. ఈ చిన్న విషయాన్ని ఓటర్లకూ, కౌంటీ బోర్డులకూ వివరించడమే చాలాచోట్ల పెద్ద పనైంది.

అలాగే ప్రో వీ అండ్ వీ ప్రయోగశాలకు నవీకరించిన గుర్తింపు పత్రాన్ని కమిషన్ కార్యాలయం సకాలంలో జారీ చేయకపోవడం 2020 ఎన్నికల తర్వాత ఆరోపణలకు ఆధారమైంది. గుర్తింపు రద్దు కాలేదని కమిషన్ వివరణ ఇచ్చినా, ఫిర్యాదులకు సమాధానం చెప్పుకోవలసింది అది పరీక్షించిన యంత్రాలు వాడిన కౌంటీలే.

ఆమోదం వెనక్కి తీసుకుంటే దెబ్బ మరింత నేరుగా తగులుతుంది. 2015 ఏప్రిల్‌లో వర్జీనియా ఎన్నికల బోర్డు విన్‌వోట్ అనే యంత్రాల వాడకాన్ని నిషేధించింది. వాటి వైర్‌లెస్ పాస్‌వర్డు వరుసగా మొదటి అయిదు ఇంగ్లీషు అక్షరాలని తేలింది కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. అయినా జూన్ ప్రైమరీలకు రెండు నెలలే గడువు. 2017 సెప్టెంబరులో అదే బోర్డు కాగితం ఆధారం లేని టచ్‌స్క్రీన్ యంత్రాలన్నిటినీ తొలగించింది. గవర్నర్ ఎన్నిక నవంబరులో. ఆలోగా 22 స్థానిక విభాగాలు కొత్త యంత్రాలు కొని, బ్యాలెట్లు మార్చి, పోలింగ్ సిబ్బందికి నేర్పించుకోవలసి వచ్చింది.

అరిజోనాలోని మారికోపా కౌంటీది వేరే కథ. 2021లో రాష్ట్ర సెనేట్ ఆ కౌంటీ యంత్రాలను సైబర్ నింజాస్ అనే ప్రైవేటు సంస్థ తనిఖీకి అప్పగింపజేసింది. యంత్రాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో చెప్పే రికార్డు తెగిపోయింది కాబట్టి వాటిని మళ్లీ వాడితే ఆమోదం రద్దు చేస్తామని రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ కేటీ హాబ్స్ హెచ్చరించారు. కౌంటీ వాటిని పక్కన పెట్టి, మార్పిడి ఖర్చు కింద సెనేట్‌ను 28 లక్షల డాలర్లు కోరింది. ప్రయోగశాలలో గెలిచిన యంత్రం విలువ, కార్యాలయంలో దానికి వేసిన సీలు, సంతకాల రిజిస్టరు సరిగ్గా ఉన్నంతవరకే.

అందుకే క్లర్కు పనిలో ధ్రువపత్రం ఆరంభం మాత్రమే. యంత్రం రాగానే స్వీకరణ పరీక్ష జరపాలి, లోపలి సాఫ్ట్‌వేర్ ఆమోదించినదేనని, ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువతో పోల్చి చూడాలి. ప్రతి ఎన్నికకు ముందు ముందే తెలిసిన ఫలితం వచ్చేలా గుర్తులు పెట్టిన బ్యాలెట్లను నడిపి లెక్క సరిచూడాలి. సాధారణంగా దీన్ని ప్రజల సమక్షంలో చేస్తారు. ఇంత పనికీ తగిన డబ్బు క్రమం తప్పకుండా రాదు. కేంద్రం 2018లో 38 కోట్ల డాలర్లు, 2019 చివర్లో 42.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. నిధులు రాని ఏళ్ల లోటును కౌంటీ బడ్జెట్లే పూడ్చాలి.

ఈ చట్రాన్ని దాటడానికి సొంత వ్యవస్థ నిర్మించుకున్న అరుదైన కార్యాలయం లాస్ ఏంజెలిస్ కౌంటీ. రాష్ట్ర ధ్రువీకరణను 2020 జనవరిలో షరతులతో పొంది, మార్చి ప్రైమరీలో వాడింది. టెక్సాస్‌లోని ట్రావిస్ కౌంటీ అలాంటి ప్రయత్నమే చేసి 2017లో విరమించుకుంది.

భారతదేశంలో లోక్‌సభ, శాసనసభ ఎన్నికలకు ఈ సమస్య ఇదే రూపంలో ఎదురుకాదు. బెంగళూరులోని బీఈఎల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారుచేసే ఈవీఎంలను ఎన్నికల సంఘమే సమకూరుస్తుంది. జిల్లా ఎన్నికల అధికారి యంత్రాన్ని ఎంచుకోరు, కొనరు. పార్టీల ప్రతినిధుల సమక్షంలో తయారీ సంస్థ ఇంజనీర్లతో మొదటి దశ తనిఖీ జరిపించడం, నిల్వ చూసుకోవడం ఆయన బాధ్యతలు.

అమెరికాలో ఈ ధ్రువీకరణ ఓటింగ్ యంత్రాలకే పరిమితమైంది. పోలింగ్ కేంద్రంలో ఓటరు పేరు సరిచూసే ఎలక్ట్రానిక్ పోల్‌బుక్కులు ఈ ప్రమాణాల పరిధిలో లేవు. ఓహియో, ఇండియానా వంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా వాటిని పరీక్షిస్తాయి. కేంద్ర కమిషన్ కూడా వాటి కోసం ప్రత్యేక మదింపు కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో చేరడం కంపెనీల ఇష్టం.