మూడు గీతల సార్జెంటు
(మన ఉన్నత పాఠశాలల్లో ఎన్.సి.సి. హోదాల కథ)

ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక విషయం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు సోమశిల గురించో ఉదయగిరి కోట గురించో రాద్దామనుకున్నాను. అవి నాకంటె బాగా తెలిసినవారు మన సంఘంలోనే ఉన్నారు. ఈ మధ్య చేజర్లలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు నా మనవడు తన చొక్కా చేతిమీది రెండు గీతలు చూపించి "తాతా, నేను కార్పొరల్‌ని" అన్నాడు. దానితో ఈ వ్యాసానికి విషయం దొరికింది.

ఎన్.సి.సి. మన తరంవారికి కొత్త కాదు. దాని మూలం మాత్రం మనం పుట్టకముందుది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, ప్రభుత్వం విశ్వవిద్యాలయాల్లో కోర్ పెట్టింది. అది 1920 తరువాత యు.టి.సి. అయింది, 1942లో యు.ఓ.టి.సి. అయింది. అదంతా కాలేజీవాళ్ళ వ్యవహారం. పల్లెటూరి హైస్కూలు పిల్లవాడికి అందులో చోటు లేదు. 1946లో పండిత హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన వేసిన కమిటీ, బడిపిల్లల్ని కూడా చేర్చి దేశమంతటికీ ఒకే సంస్థ ఉండాలని సిఫారసు చేసింది. ఆ మేరకు 1948లో ఎన్.సి.సి. చట్టం వచ్చింది. కాలేజీకి సీనియర్ డివిజన్, హైస్కూలుకు జూనియర్ డివిజన్. బాలికల విభాగం 1949లో, ఎయిర్ వింగ్ 1950లో, నేవల్ వింగ్ 1952లో వచ్చాయి. 1962 చైనా యుద్ధం తరువాత 1963లో కాలేజీ అబ్బాయిలకు దీనిని తప్పనిసరి చేశారు. 1968లో మళ్ళీ ఐచ్ఛికం చేశారు. 1965, 1971 యుద్ధాల్లో క్యాడెట్లు ఆయుధ కర్మాగారాల్లో, పౌర రక్షణలో పనిచేశారు.

ఇక హోదాల సంగతి. కొత్తగా చేరినవాడు ఉత్త క్యాడెట్. ఒక గీత వస్తే లాన్స్ కార్పొరల్, రెండైతే కార్పొరల్, మూడైతే సార్జెంట్. మన సైన్యంలో ఇవే గీతలకు లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ అని పేర్లు. సైన్యం దేశీయ నామాలతో నడుస్తుంటే, పిల్లల దళం తెల్లదొరల మాటలు ఎందుకు ఉంచుకున్నదో నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. కాలేజీలో ఆపైన కంపెనీ సార్జెంట్ మేజర్, జూనియర్ అండర్ ఆఫీసర్, సీనియర్ అండర్ ఆఫీసర్ ఉంటారు. నేవల్ వింగ్‌లో లీడింగ్ క్యాడెట్, పెటీ ఆఫీసర్ అంటారు. మాస్టర్లకూ హోదాలున్నాయి. హైస్కూలులో థర్డ్ ఆఫీసర్‌తో మొదలై సెకండ్, ఫస్ట్, ఆపైన చీఫ్ ఆఫీసర్. నాగపూరు దగ్గర కాంప్టీలో శిక్షణ పొంది వచ్చిన లెక్కల మాస్టారు గంజి పెట్టిన ఖాకీలో నిలబడితే, నిన్నటిదాకా ఆయన్ని చూసి నవ్విన పిల్లలు నోరు మెదిపేవారు కాదు.

నేను 1967లో ఆత్మకూరు వైపు ఒక హైస్కూలులో ఎనిమిదో తరగతిలో ఉండగా చేరాను. పరేడు రోజు తెల్లవారుజామునే బెల్టు బకిల్‌కు బ్రాసో రుద్దడం, బూట్లకు పాలిష్, తలమీద బెరెట్. ఆర్మీ నుంచి వచ్చిన హవల్దారు 'సావధాన్', 'విశ్రామ్', 'తేజ్ చల్' అని అరిచేవాడు. మాకు హిందీ వచ్చినంతా ఆ మూడు మాటలే. పరేడు తరువాత పెట్టే పూరీల కోసమే చేరినవాళ్ళూ కొందరున్నారు. అందులో నేనొకణ్ణి అని చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

మా బడిలో సార్జెంటే పై మెట్టు. సెక్షన్లను కార్పొరళ్ళు చూసుకునేవారు. సార్జెంటు ట్రూపును వరుసలో నిలబెట్టి, హాజరు చూసి, ఆఫీసరు ముందుకు నడిచి వెళ్ళి సెల్యూట్ కొట్టి, "శ్రీమాన్" అని మొదలుపెట్టి ఎంతమంది వచ్చారో చెప్పాలి. తరగతిలో మొదటి మార్కులు నావి కనుక ఆ మూడు గీతలు నాకే అనుకున్నాను. గ్రామ మునసబుగారి అబ్బాయి తనకే అనుకున్నాడు. వచ్చింది మా ఇద్దరికీ కాదు. ఆ రోజుల్లో హరిజనవాడ అని పిలిచే పేట నుంచి, సెలవుల్లో గొడ్లు కాచి, చదువుకోవడానికి వచ్చే కుర్రాడికి వచ్చింది. నాకు ఒక గీత దక్కింది.

మరునాడు మునసబుగారు బడికి వచ్చారు. మా వాడు వీడి మాటకు కాళ్ళు కదపాలా అని అడిగారు. మాస్టారు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, "అయ్యా, ఆఖరి వరసకు వినబడే గొంతు ఎవరిదో వాడికే ఇవ్వాలి. నాకూ పైన అధికారులున్నారు" అన్నారు. అంతకుమించి వాదన పెట్టుకోలేదు. ఆ వారం పరేడుకు మునసబుగారి అబ్బాయి వస్తాడా రాడా అని బడంతా చూసింది. వచ్చాడు. 'దాయే ముడ్' అంటే కుడికి తిరిగాడు. బడి గేటు దాటగానే మాత్రం పాత వరుసే. సార్జెంటు పక్కకు తప్పుకుని నడిచేవాడు. అది చూసి నాకు కష్టమనిపించింది గాని, నేనూ నోరెత్తలేదు.

మేము 'ఏ' సర్టిఫికెట్ పరీక్ష కలిసే రాశాము. 'బి', 'సి' కాలేజీలో రాసేవి. 'సి' ఉన్నవారికి సైన్యంలో అధికారులుగా చేరడానికి రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు వెళ్ళే దారి ఉంది. మా సార్జెంటుకు కాలేజీ యోగం లేదు. సిపాయిగా చేరాడు. 1980ల్లో ఒకసారి ఆత్మకూరు బస్టాండులో కనిపించాడు. చేతిమీద అవే మూడు గీతలు. ఈసారి హవల్దార్. టీ తాగుతూ "నీకింకా ఒకటేనా?" అని నవ్వాడు. అప్పటికి నేను సీనియర్ అసిస్టెంటును.

ఇప్పుడు దేశమంతటా లక్షలాది మంది క్యాడెట్లున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సికింద్రాబాదులో ఒకే డైరెక్టరేట్ ఉంది. మన సభ్యులలో ఎవరి ఇంట్లోనైనా పాత 'ఏ' సర్టిఫికెట్టు గాని, క్యాంపులో తీయించుకున్న గ్రూపు ఫోటో గాని ఉంటే వచ్చే సమావేశానికి తీసుకురావలసిందిగా కోరుతున్నాను. మా ట్రూపు ఫోటో నా దగ్గర లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే, ముందు వరుసలో మధ్యన నిలబడ్డవాడు మా సార్జెంటే.