నేర్పినవాడికే ఖర్చు

మన దేశంలో అప్రెంటిస్ శిక్షణ ఎందుకు ఎదగలేదని అడిగితే ఏళ్లుగా ఒకే జవాబు వినిపిస్తోంది: 1961 అప్రెంటిస్ చట్టంలో ఆరు నెలల జైలు ఉందని, దానికి జడిసి యజమానులు దూరంగా ఉండిపోయారని. ఈ వివరణ నాకు సరిపోయినట్టు అనిపించదు.

అంతకుముందున్న 1850 నాటి అప్రెంటిస్ చట్టం అనాథలకు, పేద పిల్లలకు ఏదో ఒక పని నేర్పించడానికి చేసినది. స్వాతంత్ర్యం వచ్చాక కర్మాగారాలకు ఫిట్టర్లు, టర్నర్లు కావలసి వచ్చి 1961 చట్టం పుట్టింది. ఇంతవరకు వివాదం లేదు.

చూడవలసింది ఆ చట్టం డబ్బును ఎవరి మీద మోపిందన్నది. స్టైపెండ్ యజమానే ఇవ్వాలి. కర్మాగారంలో పని మీద ఇచ్చే శిక్షణ ఖర్చూ అతనిదే. ప్రాథమిక శిక్షణకయ్యే ఖర్చును పెద్ద సంస్థ పూర్తిగా భరించాలి, చిన్నదానికి ప్రభుత్వం సగం పంచుకుంటుంది. అంటే మొదటినుంచీ యజమాని చెల్లిస్తూనే ఉన్నాడు. అయితే అందరూ కాదు, నేర్పినవాడు మాత్రమే. బాలానగర్‌లో ఒక షెడ్డు యజమాని కుర్రాడికి లేతు మీద చేయి తిరిగేదాకా నేర్పితే, నాలుగు రాళ్లు ఎక్కువిచ్చి అతన్ని తీసుకెళ్లిన కంపెనీ శిక్షణకు పైసా ఇవ్వనక్కర్లేదు. రైల్వే వర్క్‌షాపులు, సింగరేణి వంటి ప్రభుత్వ సంస్థలు మోసిన శిక్షణ భారాన్ని ఈ వెలుగులోనే చూడాలి.

ఫ్రాన్స్ 1925లోనే అప్రెంటిస్ పన్ను పెట్టింది. బ్రిటన్ 1964లో పరిశ్రమలవారీగా బోర్డులు పెట్టి అందరి దగ్గరా లెవీ వసూలు చేసి, నేర్పినవారికి గ్రాంటుగా ఇచ్చింది. చిన్న సంస్థలు కాగితాల పని ఎక్కువైందని మొరపెట్టుకున్నాయి, 1973లో ఆ లెవీ సడలింది. మళ్లీ 2017లో తెచ్చిన లెవీ సొమ్ములో చాలా భాగం అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారి చదువులకు పోయింది. కాబట్టి లెవీ ఒక్కటే చాలునని నేననను. కానీ నేర్పనివాడూ చెల్లించాలన్న న్యాయం అక్కడ ఉంది, మన చట్టంలో లేదు.

2014 సవరణ జైలు తీసేసింది. అప్రెంటిస్‌తో నింపకుండా వదిలిన ఒక్కో సీటుకు మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, ఆపైన 1,000 జరిమానా పెట్టింది. 2019 నిబంధనలు కనీస స్టైపెండ్‌ను నెలకు 5,000 చేశాయి. సీటు నింపడం కంటే ఖాళీగా ఉంచడమే చవకైంది! పైగా 2016లో తెచ్చిన అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం స్టైపెండ్‌లో పావు వంతు, 1,500 రూపాయలదాకా, ఖజానానుంచి ఇచ్చింది. యజమానులనుంచి రావలసిన డబ్బు వాళ్ల వైపే ప్రవహించింది.

ఖాళీ సీటుకు కట్టే సొమ్ము స్టైపెండ్ కంటే తక్కువ కాకూడదు. అది నేరుగా, నేర్పే చిన్న షెడ్లకు చేరాలి.