పరిహారం చేతికి వచ్చాక: దళిత కుటుంబాలకు పన్ను, పొదుపు, వారసత్వాల లెక్క

చిత్తూరు జిల్లా కార్వేటినగరం ఒకప్పటి జమీందారీ కేంద్రం. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను తీసేసింది. సాగు హక్కు తనదని చూపగలిగిన రైతుకు రైత్వారీ పట్టా దక్కింది. ఆ మళ్లలోనే తరతరాలుగా కూలి చేసిన మాల, మాదిగ కుటుంబాలకు చూపడానికి కాగితం లేదు. వాళ్లకు తర్వాతి కాలంలో దొరికినదల్లా ప్రభుత్వ భూమిలో డీకేటీ పట్టా.

ఇవాళ కార్వేటినగరం గంగాధర నెల్లూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో ఉంది. ఇక్కడ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్ ఉంది. ఇలాంటి మండలాల్లోని దళితవాడలకు డబ్బు ప్రధానంగా నాలుగు దారుల్లో వస్తోంది. మొదటి తరం ఉద్యోగి జీతం, భూమికో ప్రాణానికో వచ్చే పరిహారం, కూడబెట్టిన పొదుపు, పెద్దల నుంచి దక్కే ఆస్తి. హక్కు కోసం పోరాడటం మన ఉద్యమాలకు బాగా తెలుసు. గెలిచిన డబ్బు ఆ కుటుంబం పేరిటే నిలవాలంటే ఏ కాగితం కావాలన్నది మాత్రం మన సభల్లో పెద్దగా చర్చకు రాదు. ఈ వ్యాసం దాని గురించే.

మనం పన్ను కట్టని వాళ్లమా?

రిజర్వేషన్ మీద వాదన వచ్చిన ప్రతిసారీ "మా పన్నులతో మీకు పథకాలు" అనే మాట వినిపిస్తుంది. ఉపాధి కూలీ కొనే సబ్బు మీదా, సెల్‌ఫోన్ రీచార్జి మీదా జీఎస్టీ ఉంది. ఆదాయం ఎంతైనా రేటు ఒకటే. ఆదాయపు పన్ను అలా కాదు, కొంత పరిమితి దాటాకే పడుతుంది. ఆదాయపు పన్నుకు ఉన్న ఈ మినహాయింపు భూమిశిస్తుకు ఎందుకు లేదని, అతి చిన్న రైతు కూడా శిస్తు ఎందుకు కట్టాలని అంబేడ్కర్ 1927 ఫిబ్రవరిలో బొంబాయి శాసనమండలి బడ్జెట్ చర్చలో నిలదీశారు. అప్పటికి రెండేళ్ల ముందే బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థపై ఆయన పరిశోధన పుస్తకంగా వచ్చింది. పన్ను లెక్క అంబేడ్కరైట్లకు పరాయి విషయం కాదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. వంద ఎకరాల మామిడి తోట రాబడికైనా అదే మినహాయింపు. ఆ తోటలో కాయలు కోసిన కూలీ సంపాదన మాత్రం చట్టం లెక్కలో వ్యవసాయ ఆదాయం కాదు, కూలి. పరిమితి లోపలే ఉంటుంది కనుక దానిపై పన్ను పడదు, అంతే.

జీతం

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిలో లెక్క ఇది. 4 లక్షల వరకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల మధ్య మొత్తంపై 5 శాతం, 8 నుంచి 12 మధ్య 10, 12 నుంచి 16 మధ్య 15, 16 నుంచి 20 మధ్య 20, 20 నుంచి 24 మధ్య 25, ఆపైన 30 శాతం. జీతగాళ్లకు 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఉంటుంది. నికర ఆదాయం 12 లక్షలు మించకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా అవుతుంది.

ఒక టీచరు ఏడాది జీతం 9 లక్షలు అనుకుందాం. 75,000 తీసేస్తే 8,25,000. పన్ను 20,000, దానిపై 2,500, మొత్తం 22,500. రిబేటుతో అదంతా పోతుంది. పన్ను సున్నా కదా అని రిటర్ను మానేయకూడదు. రిబేటుకు ముందు ఆదాయం 4 లక్షలు దాటితే కొత్త పద్ధతిలో రిటర్ను వేయడం తప్పనిసరి. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి కనుక పాత ఫారాల పేర్లు చెప్పే ఏజెంట్లను ఒకసారి అడిగి చూసుకోండి.

విద్యార్థులకు రెండు మాటలు. చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌పై పన్ను లేదు. గెస్టు లెక్చర్లకో, చిన్న ప్రాజెక్టులకో చెల్లించేటప్పుడు టీడీఎస్ కోసుకుంటే, మీ మొత్తం ఆదాయం పరిమితి లోపల ఉన్నంత వరకు రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. రిటర్ను వేయకపోతే అది ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది.

కాంట్రాక్టు కార్మికులు చూడాల్సింది పీఎఫ్ ఖాతా. జీతంలో కోసిన మొత్తం ఖాతాలో జమ అవుతోందా, నామినీ పేరు ఉందా? పీఎఫ్ సభ్యుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఈడీఎల్ఐ బీమా కింద కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది. చాలా కుటుంబాలు అడగని హక్కు ఇది.

పరిహారం

*భూమికి.* 2013 భూసేకరణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద ఇచ్చిన అవార్డుపై ఆదాయపు పన్ను లేదు. స్టాంపు డ్యూటీ కూడా లేదు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016 అక్టోబరులో ఇచ్చిన 36వ సర్క్యులర్ ఇదే మాట స్పష్టం చేసింది. ప్రైవేటు సంస్థ నేరుగా బేరమాడి కొన్న భూమికి ఈ మినహాయింపు లేదు. జాతీయ రహదారుల చట్టం కింద సేకరించిన భూమికి 96వ సెక్షన్ వర్తిస్తుందా అన్న వివాదం కోర్టుల దాకా వెళ్లింది. చిత్తూరు నుంచి తమిళనాడులోని తచ్చూరు వైపు ఆరు వరుసల రహదారి వస్తున్న ప్రాంతం మనది కాబట్టి, అవార్డు పత్రంలో ఏ చట్టం పేరు రాశారో మొదట చదవాలి.

వ్యవసాయ భూమికి ఇంకో రక్షణ కూడా ఉంది. పట్టణాలకు దూరంగా ఉన్న పల్లె వ్యవసాయ భూమి పన్ను చట్టం దృష్టిలో మూలధన ఆస్తే కాదు, దాని మీద లాభానికి పన్ను రాదు. 10,000 నుంచి లక్ష దాకా జనాభా ఉన్న మునిసిపాలిటీకైతే హద్దు నుంచి 2 కిలోమీటర్లు దాటాలి. కార్వేటినగరం పంచాయతీ. పుత్తూరు, నగరి మునిసిపాలిటీల అంచున భూమి ఉన్నవాళ్లు ఈ దూరం కొలిపించుకోవాలి. వ్యవసాయ భూమి పరిహారంలో టీడీఎస్ కోయకూడదు. అయినా కోస్తే రిటర్ను ద్వారా తిరిగి అడగాలి. పాన్ ఇవ్వకపోతే కోత రేటు రెట్టింపు అవుతుంది.

డీకేటీ భూమి ప్రభుత్వానిదే కదా, పరిహారం ఎందుకన్న ప్రశ్న దశాబ్దాలు నడిచింది. మేకల పాండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దానికి జవాబిచ్చింది. ప్రజా ప్రయోజనం కోసం అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకుంటే పట్టాదారుకు ఇచ్చినట్టే మార్కెట్ విలువ ఇవ్వాలని చెప్పింది. "ఎక్స్‌గ్రేషియా ఇస్తాం, సంతకం పెట్టండి" అనే అధికారికి చూపించాల్సిన తీర్పు ఇదే.

*అత్యాచారాల నిరోధక చట్టం కింద.* 1995 నిబంధనలను 2016లో సవరించాక, నేరాన్ని బట్టి 85,000 నుంచి 8,25,000 రూపాయల వరకు ఉపశమనం ఇవ్వాలి. హత్య జరిగితే పోస్టుమార్టం తర్వాత సగం, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక సగం. డబ్బుతో పాటు బాధిత కుటుంబానికి నెలనెలా పింఛను, ఒకరికి ఉద్యోగం, అవసరమైతే భూమి, ఇల్లు, పిల్లల చదువు ఖర్చు కూడా అడగొచ్చు. ఈ ఉపశమనం సంపాదన కాదు, జరిగిన నష్టానికి రాజ్యం పడ్డ బాధ్యత. దాన్ని బ్యాంకులో వేశాక వచ్చే వడ్డీ మాత్రం ఆదాయం కింద లెక్క.

*మురుగు కాలువల్లో చనిపోతే.* 2014లో సుప్రీంకోర్టు సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో 10 లక్షలు ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబరు 20న బల్‌రాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యానికి 20 లక్షలు. ఇంత మొత్తం ఒక్కసారిగా ఒక వితంతువు ఖాతాలో పడినప్పుడు ఎవరెవరు ఆ గడప తొక్కుతారో పనిచేసే కార్యకర్తలకు తెలిసిందే.

పొదుపు

అగ్రిగోల్డ్ లక్షల మంది ఆంధ్రుల డిపాజిట్లను ముంచింది. ఊళ్లో ఏజెంటు తెలిసినవాడు, కొన్నిసార్లు మన బంధువే. నమ్మకం అక్కడే మొదలైంది. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ఇలాంటి వసూళ్లను నేరం చేసింది. డబ్బు పోయాక కేసు వేయడం కన్నా ముందు చూసుకోవడం మేలు. చీటీ అయితే 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైందా? డిపాజిట్ తీసుకునేది బ్యాంకా, పోస్టాఫీసా? బ్యాంకు మునిగినా ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల వరకు బీమా ఉంటుంది. పెద్ద పరిహారం వస్తే ఒకే చిన్న బ్యాంకులో పెట్టకుండా రెండు మూడు చోట్ల వేయమని చెప్పడానికి కారణం ఇదే.

మొదట వడ్డీ వ్యాపారి అప్పు తీర్చాలి. వందకు మూడు రూపాయల నెలవడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా దానికి సరిరాదు. తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాలి. ఆ తర్వాతే పిల్లల పేరు మీద దీర్ఘకాల పొదుపు. ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా ఒక్కోటి 2 లక్షల రక్షణ ఇస్తాయి. జీవన్ జ్యోతిలో 50 ఏళ్లు నిండకముందే చేరాలి.

పేరు మాత్రం ఎవరికీ అరువివ్వకండి. మీ పాన్ మీద భూమి కొంటామనో, మీ ఖాతాలో డబ్బు తిప్పుతామనో అడిగే పెద్దమనుషులు ఉంటారు. బినామీ చట్టంలో శిక్ష ఏడాది నుంచి ఏడేళ్ల జైలు. పేరు అరువిచ్చినవారికీ అది వర్తిస్తుంది.

వారసత్వం

భారతదేశంలో వారసత్వ పన్ను లేదు. ఎస్టేట్ డ్యూటీని 1985లోనే రద్దు చేశారు. మనకు ఎదురయ్యే ప్రశ్న వేరు. ఆస్తి ఎవరిదని నిరూపించడం ఎలా?

నామినీ వేరు, వారసుడు వేరు. బ్యాంకు నామినీకి డబ్బు అప్పగిస్తుంది, కానీ నామినీ అసలు వారసుల తరఫున దాన్ని పట్టుకున్న మనిషి మాత్రమే. సుప్రీంకోర్టు ఈ మాటను 1984లో బీమా విషయంలో, 2023 డిసెంబరులో షేర్ల విషయంలో చెప్పింది. 2015 సవరణ తర్వాత జీవిత బీమాలో మాత్రం భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే.

వీలునామా లేకుండా చనిపోతే ఏ చట్టం వర్తిస్తుందన్నది మతాన్ని బట్టి ఉంటుంది. భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు ఉన్న వ్యక్తి స్వార్జితాన్ని తీసుకుందాం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నలుగురికీ తలా నాలుగో వంతు. బౌద్ధులకూ ఈ చట్టమే. క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం. భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు సమానం, తల్లికి ఏమీ రాదు. చర్చికి వెళ్తూ సర్టిఫికెట్లో హిందూ ఎస్సీగా ఉన్న కుటుంబాలు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. క్రైస్తవంలోకి మారినవారికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చాక ఈ ప్రశ్న మరింత సున్నితమైంది. వాటాల తగాదా కోర్టుకెక్కితే చనిపోయినవారి మతం మీద విచారణ నడుస్తుంది. వీలునామా ఉంటే వాటాల కోసం ఆ విచారణ అవసరం రాదు.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. సాక్షులుగా వాటా పొందేవాళ్లను పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే వివాదంలో బలం ఉంటుంది.

ఆడపిల్లల వాటా గురించి కూడా చెప్పాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కునిచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1986లోనే చేసింది. కేంద్రం 2005లో చేసింది. హిందూ కోడ్ బిల్లును నీరుగార్చడం అంబేడ్కర్ 1951లో మంత్రి పదవి వదులుకోవడానికి ఒక ముఖ్య కారణం. ఇంట్లో చెల్లెలి చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించి, బయట ఆయన విగ్రహానికి దండ వేయడం పొసగదు.

డీకేటీ భూమి 1977 చట్టం ప్రకారం వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు పూర్తి హక్కు ఇచ్చేలా 2023లో సవరణ వచ్చింది. అక్రమాల ఆరోపణలతో 2024లో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. 2024 జులై 21న మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. అసలు పట్టా కాగితం, పాత అడంగల్, శిస్తు రసీదు ఏది ఉన్నా ఈ వారమే ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టండి.

ఎవరిని అడగాలి

ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను 15100లో పిలవొచ్చు. అత్యాచార కేసులకు జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఇంటి పెద్ద చనిపోతే మొదట మరణ ధ్రువపత్రం, తర్వాత తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి. నామినీ లేని డబ్బు దగ్గర వివాదం ఉంటే కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్ కావాలి.

విద్యార్థి సంఘాలు తమ ఊళ్లో ఒక ఆదివారం కూర్చుని ప్రతి ఇంటి పట్టా, పాస్‌బుక్, నామినీ పేర్లు సరిచూస్తే చాలు. జమీందారీ రద్దయిన రోజున మన ముత్తాతల దగ్గర లేనిది ఆ కాగితమే.