పద్నాలుగు రోజుల గడువు

నర్సీపట్నం ఎమ్మెల్యే చింతకాయల అయ్యన్నపాత్రుడు 2024 జూన్ 22 నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు స్పీకర్. స్పీకర్ అనగానే మనకు మైకు కట్ చేయడం, సభ వాయిదా వేయడం గుర్తొస్తాయి. ఆయన చేసే పనుల్లో ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది. బడ్జెట్ సమావేశాల చివర ద్రవ్య వినిమయ బిల్లు శాసనమండలికి వెళ్లేటప్పుడు ‘ఇది ద్రవ్య బిల్లు’ అని ధ్రువీకరిస్తూ దాని మీద సంతకం పెట్టాలి. రాజ్యాంగం 199వ అధికరణం ఆ అధికారం ఆయన ఒక్కడికే ఇచ్చింది. ఆ సంతకం పడ్డ బిల్లును మండలి ఓడించలేదు, పద్నాలుగు రోజులకు మించి దగ్గర పెట్టుకోనూ లేదు. అమెరికాలో మాటిమాటికీ సర్కారు ఆఫీసులు మూతపడుతున్నా మన దగ్గర పడకపోవడానికి ఒక కారణం ఈ గడువే.

దీని పుట్టుక లండన్‌లో. 1909లో లాయిడ్ జార్జ్ పెట్టిన బడ్జెట్‌ను ప్రభువుల సభ తిప్పికొట్టింది. భూస్వాముల మీద పన్ను వేస్తే భూస్వాముల సభ ఊరుకుంటుందా! రెండు ఎన్నికలు జరిగాక 1911లో పార్లమెంటు చట్టం వచ్చింది. ద్రవ్య బిల్లును ప్రభువుల సభ నెలలోపు వదిలిపెట్టాలి, లేకపోతే ఆ సభ ఆమోదం లేకుండానే బిల్లు చట్టమవుతుంది. ద్రవ్య బిల్లు ఏదో తేల్చే అధికారం స్పీకర్‌కు దక్కింది. మన రాజ్యాంగం ఆ సూత్రాన్నే తీసుకుని నెలను పద్నాలుగు రోజులు చేసింది.

మనకు బడ్జెట్ అంతకంటే ముందే వచ్చింది. 1860లో జేమ్స్ విల్సన్ కలకత్తాలో మొదటిది చదివాడు. కానీ జనం ప్రతినిధులు ‘ఇవ్వం’ అంటే ఆగే డబ్బు కాదది. 1919 చట్టం కొన్ని పద్దుల మీద ఓటు ఇచ్చింది, ఆ ఓటును కాదనే అధికారం వైస్రాయికీ గవర్నర్లకూ ఉంచింది. 1924లో మోతీలాల్ నెహ్రూ, చిత్తరంజన్ దాస్‌ల స్వరాజ్య పార్టీ ఆ ఓటు ఎంత బోలుదో బయటపెట్టింది. కేంద్ర సభలో పద్దులు కొట్టేశారు, ఆర్థిక బిల్లునూ ఓడించారు. వైస్రాయి తన సంతకంతో దాన్ని మళ్లీ నిలబెట్టాడు. మధ్య పరగణాల్లో మంత్రుల జీతాన్ని ఏడాదికి రెండు రూపాయలకు దించేశారు. గవర్నరు ఆ శాఖలను తానే తీసుకుని నడిపాడు. 1935 చట్టంలోనూ సభ తగ్గించిన మొత్తాన్ని కొన్ని సందర్భాల్లో గవర్నరు తిరిగి చేర్చగలిగేవాడు.

1950లో రాజ్యాంగంతో ఈ పరిస్థితి తిరగబడింది. సభ చట్టం చేయకుండా సంచిత నిధి నుంచి రూపాయి కూడా తీయడానికి లేదు. సభ చేసే ఆ చట్టమే ద్రవ్య వినిమయ చట్టం. హైకోర్టు జడ్జీల జీతాలు, అప్పుల వడ్డీలు, ఆఖరికి స్పీకర్ జీతం కూడా ఓటు అడగాల్సిన పద్దుల్లో ఉండవు. అయినా ఆ చట్టం లేనిదే అవీ ఖజానా గడప దాటవు.

ఇక రాజకీయం. 1958లో ఏర్పడిన మన శాసనమండలితో పేచీ ఎన్టీఆర్‌కు మొదటి రోజుల్లోనే వచ్చింది. 1983లో శాసనసభ ఆయనది, మండలి కాంగ్రెస్‌ది. మండలిని రద్దు చేయాలని ఆ ఏడాదే తీర్మానించారు, 1985లో అది రద్దయింది. అయ్యన్నపాత్రుడు మొదటిసారి గెలిచింది 1983 నాటి ఆ శాసనసభకే. 2007లో మండలి తిరిగొచ్చింది. 2020కి సీను తారుమారైంది. సభలో వైఎస్సార్‌సీపీకి 151 మంది, మండలిలో తెలుగుదేశానిది పైచేయి. మూడు రాజధానుల బిల్లులు అక్కడ ఇరుక్కోవడంతో జనవరి 27న మండలి రద్దుకు సభ తీర్మానించింది. మరుసటి ఏడాది నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. రెండు పార్టీలూ అధికారంలో ఉన్నప్పుడు మండలి వద్దన్నవాళ్లే, ఎదురుగా కూర్చున్నప్పుడు అదే ప్రజాస్వామ్యానికి ఊపిరన్నవాళ్లే.

2020 మార్చిలో కరోనా వల్ల బడ్జెట్ పెట్టలేదు. గవర్నరు ఆర్డినెన్సుతో మూడు నెలలు, అంటే జూన్ 30 దాకా బండి నడిచింది. జూన్ 16న ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ 2.24 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టారు. రెండే రోజుల సమావేశాలు. 17న సభ ద్రవ్య వినిమయ బిల్లును ఆమోదించి మండలికి పంపింది. అక్కడ తగవు డబ్బు గురించి కాదు, వరస గురించి. ముందు రాజధాని బిల్లులు తీసుకోవాలని అధికారపక్షం, ముందు ద్రవ్య వినిమయ బిల్లు కానివ్వాలని తెలుగుదేశం నేత యనమల రామకృష్ణుడు తదితరులు. ఒకప్పుడు స్పీకర్‌గా చేసిన యనమలకు పద్నాలుగు రోజుల లెక్క తెలియనిది కాదు, ప్రభుత్వానికీ తెలుసు. తోపులాటలు, వీడియోలు అన్నీ అయ్యాక బిల్లును తాకకుండానే మండలి నిరవధికంగా వాయిదా పడింది. తప్పు నీదంటే నీదన్నారు.

గడువు గడిస్తే బిల్లు దానంతటదే గట్టెక్కుతుంది. అయితే ఆర్డినెన్సు జూన్ 30న ముగిసింది, గడువేమో జూలైలోకి పోయింది. జూలై 1న ఉద్యోగుల జీతాలు పడలేదు. గవర్నరు ఆమోదం వచ్చాక పడ్డాయి. నాకు తెలిసి పార్టీల తగవు మూలంగా ఈ రాష్ట్రం షట్‌డౌన్‌కు అంత దగ్గరగా వెళ్లింది అప్పుడే. అయినా సర్కారు ఆఫీసులు మాత్రం మూయలేదు.

అమెరికాలోనైతే మూస్తారు. నిధుల చట్టం లేకుండా పని చేయించడం నేరమని 1980లో అక్కడి అటార్నీ జనరల్ చెప్పారు. 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు అలాగే గడిచింది.

2024లో పార్టీలు మళ్లీ కుర్చీలు మార్చుకున్నాయి. తెలుగుదేశం కూటమి గెలిచింది, మండలిలో ఆధిక్యం వైఎస్సార్‌సీపీది. పాత ప్రభుత్వం పెట్టిన ఓటాన్ అకౌంట్ జూలై 31తో అయిపోయింది. కొత్త ప్రభుత్వం బడ్జెట్ పెట్టకుండా దాదాపు 1.30 లక్షల కోట్లకు ఆర్డినెన్సు తెచ్చి నవంబరు దాకా నెట్టుకొచ్చింది. ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ నవంబరు 11న పూర్తి బడ్జెట్ చదివారు. సభ తలుపు తట్టకుండా ఏడాదిలో మూడో వంతు ఖర్చు నడవడం నాకు మండలి రగడ కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. దాని మీద అరిచినవాళ్లు తక్కువ.

ఆఫీసు మూయకుండానే డబ్బు ఆగే దారి వేరే ఉంది. నర్సీపట్నం దగ్గర ఒక సీసీ రోడ్డు వేసిన కాంట్రాక్టరు సంగతి చూడండి. ఎం-బుక్‌లో కొలతలు ఎక్కాయి, ఏఈ, డీఈ సంతకాలయ్యాయి, బిల్లు ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లోకి వెళ్లింది. అక్కడ కూర్చుంది. అడిగితే ‘ఆ హెడ్‌లో బడ్జెట్ లేదు’, లేదంటే ‘పైనుంచి రిలీజ్ కాలేదు’. మార్చి 31 దాటితే ఆ ఏటి కేటాయింపు లాప్స్ అవుతుంది. ఏప్రిల్‌లో కథ మళ్లీ మొదటికి. దీనికి పద్నాలుగు రోజుల గడువు ఏ అధికరణంలోనూ లేదు.

మాకవరపాలెం మండలంలో 2022 డిసెంబరు 30న జగన్మోహన్ రెడ్డి శంకుస్థాపన చేసిన మెడికల్ కాలేజీదీ ఇదే దారి. అంచనా 500 కోట్లు. కొత్త ప్రభుత్వం ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ) అంది. 2025 అక్టోబరు 9న జగన్ వచ్చి సగంలో ఆగిన భవనాలు చూపించారు. జీవో ఉందా లేదా అని రెండు పార్టీలూ మైకుల ముందు కొట్టుకున్నాయి. ఉన్నా లేకపోయినా జీవో ఇచ్చేది పరిపాలనా అనుమతి. సభ ఏటా ఓటేయాలి, ఆర్థిక శాఖ విడుదల చేయాలి, అప్పుడే సిమెంటు దిగుతుంది.

అందుకే ఈసారి మీ ఊళ్లో ఏ పార్టీ నాయకుడైనా జీవో కాగితం ఊపితే ఒక్కటే అడగండి. ఈ ఏడాది బడ్జెట్ పుస్తకంలో దీనికి ఎంత రాశారు, అందులో ఎంత విడుదలైంది?