‘అరాజకవాది’ అనే స్వీయనిర్వచనం: ఎం.పి.టి. ఆచార్య రాజకీయ జీవితం

తెలుగు వ్యవహారంలో ‘అరాచకం’ అన్న మాటకు మంచి అర్థం లేదు. దౌర్జన్యం, దోపిడి, అదుపు లేనితనం అనే అర్థాల్లోనే అది రూఢమైంది. మూలమైన ‘అరాజక’ శబ్దానికి ‘రాజు లేని’ అన్నంతవరకే వ్యుత్పత్త్యర్థం. కాని వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో దశరథుని మరణానంతరం మార్కండేయుడు, జాబాలి మొదలైనవారు వసిష్ఠునితో రాజు లేని దేశానికి కలిగే కష్టాలను ఏకరువు పెడతారు. రాజు లేకపోతే రక్షణ లేదన్న భావం అంత పాతది. అందువల్ల సిద్ధాంతాన్ని చెప్పేటప్పుడు ‘అరాజకవాదం’ అనే రూపాన్ని గ్రహించడం సమంజసం. ఈ వ్యాసంలో ఆ రూపమే వాడబడింది.

ఐరోపాలోనూ ఇది మొదట నిందావాచకమే. ఫ్రెంచి విప్లవకాలంలో ప్రత్యర్థుల మీద ప్రయోగించిన ఈ మాటను 1840లో ప్రూధాన్ ‘ఆస్తి అంటే ఏమిటి?’ అన్న గ్రంథంలో తనకు తానే పెట్టుకున్నాడు. తాను క్రమానికి గట్టి మిత్రుడినని కూడా అక్కడే చెప్పుకున్నాడు. అదే ప్రూధాన్ 1848లో జాతీయసభకు ఎన్నికయ్యాడు. పేరుకూ ఆచరణకూ మధ్య దూరం తొలినుంచీ ఉన్నదే.

భారతదేశంలో ఈ పేరు పెట్టుకోవడం మరింత ప్రమాదకరం. బాంబు, పిస్తోలు పట్టిన ప్రతివాడూ వలసప్రభుత్వ దస్త్రాలలో ‘అనార్కిస్టు’. రౌలట్ చట్టంగా ప్రసిద్ధమైన 1919 నాటి శాసనం అధికారిక నామంలోనే ‘అరాజక, విప్లవ నేరాలు’ అన్న జంట ఉంది. 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ ప్రారంభోత్సవాల సందర్భంగా గాంధీ తానూ అనార్కిస్టునేనని, అయితే వేరే రకానికి చెందినవాడినని ప్రకటించారు. సంస్థానాధీశులు కూర్చున్న ఆ సభలో అనీ బిసెంట్ అభ్యంతరం తెలిపారు, సభ మధ్యలోనే ముగిసింది. గాంధీ ఇక్కడ ప్రభుత్వం వాడే మాటనే తీసుకుని అందులోంచి బాంబును తొలగించారు. దీన్ని సిద్ధాంత ప్రకటనగా కంటే ప్రత్యుత్తరంగా చదవడం ఉచితం.

ఆచార్య విషయం వేరు. మద్రాసులో 1887లో జన్మించిన మండయం పార్థసారథి తిరుమల ఆచార్య, సుబ్రహ్మణ్య భారతితో కలిసి ‘ఇండియా’ పత్రికలో పనిచేసి, అణచివేత పెరిగాక ఐరోపా చేరారు. లండన్‌లోని ఇండియా హౌస్ బృందంలో తిరిగే నాటికి ఆయన పోలీసు అర్థంలో ‘అనార్కిస్టు’ మాత్రమే. 1920 అక్టోబరులో తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీని స్థాపించిన ఏడుగురిలో ఆయన ఒకరు. ఎం.ఎన్. రాయ్‌తో విభేదాలు ముదిరి కొద్ది నెలల్లోనే పార్టీకి దూరమయ్యారు. 1922లో బెర్లిన్ చేరి, అక్కడ ఏర్పడుతున్న అరాజక కార్మికసంఘవాదుల అంతర్జాతీయ సంస్థతో సంబంధం పెట్టుకున్నారు. ఆ తరువాత చివరిదాకా ఆ పేరును వదలలేదు.

పోలీసులు ఆయనకు అంటగట్టిన పేరును, బోల్షెవిక్ రాజ్యాన్ని దగ్గరగా చూసిన తరువాత, ఆయన పూర్తిగా భిన్నమైన అర్థంలో స్వీకరించారు. పరాయి ప్రభుత్వం పోయినంత మాత్రాన ప్రభుత్వం పోదన్న ఎరుక ఇందులో కీలకం. ‘జాతీయవాది’ అనే మాట ఈ స్థితిని చెప్పలేదు, ‘కమ్యూనిస్టు’ అనే మాట అప్పటికే ఒక పార్టీ సొత్తయింది. రెండూ కాదనుకున్నాక మిగిలిన పేరు ఇది. అలాగని దీన్ని రాయ్‌తో తగాదా ఫలితంగా కొట్టిపారేయడం సరికాదు. తగాదాలు ముప్పై ఏళ్లు రాయించవు. ఆయన వివిధ దేశాల అరాజకవాద పత్రికలకు దశాబ్దాలపాటు వ్యాసాలు పంపారు, గాంధీ అహింసను కూడా ఆ దృష్టితోనే పరిశీలించారు.

పోల్చదగినవాడు భగత్ సింగ్. 1928లో ‘కిర్తీ’ పత్రికలో అరాజకవాదంపై వ్యాసాలు రాసినా, ఆయన అధ్యయనం మార్క్స్, లెనిన్‌ల వైపు సాగింది. ఆచార్యది దాదాపు ఎదురు ప్రయాణం.

1930ల మధ్యలో బొంబాయికి తిరిగివచ్చిన ఆచార్య, స్వాతంత్ర్యానంతరం కూడా రాజ్యాధికారాన్ని విమర్శిస్తూనే 1954 మార్చిలో మరణించారు. పార్టీ చరిత్రల్లో ఆయన పేరు సాధారణంగా తాష్కెంట్ జాబితా దగ్గరే ఆగిపోతుంది. ఆయన వ్యాసాల సంకలనం 2019లో ఆంగ్లంలో వెలువడింది. దాని శీర్షిక ‘వి ఆర్ అనార్కిస్ట్స్’.