సవర బడి నుంచి వ్యావహారిక ఉద్యమం దాకా: గిడుగు రామమూర్తి బోధనా దృష్టి

ప్రవేశిక

గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) పేరు తెలుగు సాహిత్య చరిత్రల్లో సాధారణంగా రెండు చోట్ల కనిపిస్తుంది. వ్యావహారిక భాషోద్యమాన్ని వివరించే అధ్యాయంలో ఆయన ఉద్యమ నాయకులు. భాషాశాస్త్ర వికాసాన్ని వివరించే అధ్యాయంలో సవర భాషకు వ్యాకరణం, నిఘంటువులు కూర్చిన పరిశోధకులు. ఈ రెండు పార్శ్వాలనూ వేరువేరుగా చూడటం వల్ల వాటికి మూలమైన మూడో పార్శ్వానికి తగినంత ప్రాధాన్యం దక్కలేదు. ఆయన వృత్తి ఉపాధ్యాయత్వం. సుమారు ముప్పై ఏళ్లు ఆయన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు.

చదువులో వెనుకబడిన విద్యార్థిని చూసినప్పుడు ఉపాధ్యాయుడు రెండు రకాలుగా ఆలోచించవచ్చు. లోపం విద్యార్థి బుద్ధిలో ఉన్నదనుకోవడం ఒకటి, అతనికీ చదువుకూ మధ్య ఏదో అడ్డు ఉన్నదేమో వెతకడం మరొకటి. గిడుగు రెండో మార్గాన్ని ఎంచుకున్నారు. సవర పిల్లల విషయంలోనూ, తెలుగు పిల్లల విషయంలోనూ ఆయనకు కనిపించిన అడ్డు ఒక్కటే. అది బోధనకు వాడే భాష. సవర బడిలోని అనుభవాన్నీ, వ్యావహారిక వాదాన్నీ ఒకే బోధనా దృష్టికి చెందిన రెండు దశలుగా గుర్తించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

పర్లాకిమిడి: స్థలం, కాలం

గిడుగు 1863 ఆగస్టు 29న వంశధార తీరంలో, ముఖలింగానికి చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. విజయనగరంలో చదువుకునే రోజుల్లో గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ పూర్తి చేసి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. పై చదువులు ఉద్యోగం చేస్తూనే, సొంతంగా సాగించారు. ముఖలింగ దేవాలయంలోని శాసనాల లిపిని గురువు లేకుండానే నేర్చుకుని చదివారు. తెలియని లిపి ముందు, తెలియని భాష ముందు తానే విద్యార్థిగా కూర్చోవడం ఆయనకు తొలినాళ్ల నుంచీ అలవాటైన పని. తరువాతి బోధనా ప్రయోగాలకు ఈ అలవాటే పునాది అయింది.

పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో భాగం. పట్టణంలో తెలుగు, ఒడియా వినిపించేవి, చుట్టూ ఉన్న కొండల్లో సవరలు ఉండేవారు. సవర భాష ముండా కుటుంబానికి చెందినది. ద్రావిడ కుటుంబానికి చెందిన తెలుగుతో గానీ, ఆర్య కుటుంబానికి చెందిన ఒడియాతో గానీ దానికి వంశ సంబంధం లేదు. సంతలో, కచేరీలో, బడిలో సవరలకు ఎదురయ్యే భాషలన్నీ వారికి పరాయివే. బేరానికైనా ఫిర్యాదుకైనా రెండు భాషలూ తెలిసిన మధ్యవర్తిని ఆశ్రయించవలసిందే. అక్షరం రాకపోవడం కంటే ముందు, తన మాట ఎదుటివారికి అందకపోవడమే ఆ సమాజానికి పెద్ద నష్టం.

వినడంతో మొదలైన బోధన

సవర పిల్లలకు చదువు చెప్పదలచిన ఉపాధ్యాయుడికి ఆనాడు సులభమైన దారి ఒకటుండేది. వారికి ముందు తెలుగో ఒడియానో నేర్పి, ఆ భాషలోనే పాఠం చెప్పడం. గిడుగు ఆ క్రమాన్ని తలకిందులు చేశారు. ముందు తానే సవర నేర్చుకున్నారు. పందొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో ప్రారంభమైన ఈ కృషికి ఆధారంగా నిలిచే పుస్తకాలు దాదాపు లేవు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో ఉంచుకుని, అతని నోట విన్న మాటలను రాసుకుంటూ, మళ్లీ పలికి సరిచూసుకుంటూ నేర్చుకున్నారు. గురువు శిష్యుడయ్యాడు. చదువు లేనివాడుగా లోకం భావించిన సవర గురువయ్యాడు.

ఈ స్థాన వినిమయానికి బోధన దృష్ట్యా చాలా విలువ ఉంది. తాను నేర్చుకునేటప్పుడు ఎక్కడ తడబడ్డాడో తెలిసిన ఉపాధ్యాయుడికి విద్యార్థి తడబాటు వింతగా తోచదు. సవరలో కొన్ని అచ్చులు పలికేటప్పుడు గొంతులో గాలి క్షణకాలం ఆగుతుంది. ఈ కంఠమూలీయ స్పర్శానికి తెలుగు లిపిలో గుర్తు లేదు, తెలుగు చెవికి అది మొదట పట్టుబడదు. అదే విధంగా తెలుగు ఒత్తక్షరాలు, సంయుక్తాక్షరాలు సవర బాలుడికి కొత్త. ఒకరి నాలుక తిరగకపోవడం బుద్ధిమాంద్యం కాదని గిడుగుకు స్వానుభవం నేర్పింది. ఆంగ్ల బోధన కోసం ఆయన చదివిన స్వీట్, యెస్పర్సన్ వంటి పాశ్చాత్య భాషావేత్తల గ్రంథాలు ఈ అనుభవానికి శాస్త్ర భాషను సమకూర్చాయి. భాష ప్రధానంగా నోటిలో ఉన్నదనీ, రాత దానికి ప్రతిరూపమనీ ఆ శాస్త్రం చెబుతుంది.

వాచకాల నుంచి నిఘంటువు వరకు

భాష నేర్చుకున్న తరువాత గిడుగు సవరలో వాచకాలు రాశారు, పాటలు, కథలు సేకరించారు. సొంత డబ్బుతో బడులు తెరిచి, వాటిలో పనిచేసిన ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే ఏర్పాటు అది. సవర పుస్తకాలకు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు దాన్ని స్వీకరించక, ఆ సొమ్ముతో సవరలకు బడి నడపవలసిందిగా కోరారని జీవిత చరిత్రకారులు చెబుతారు.

ఇక్కడ గమనించవలసింది ఆ రచనల క్రమం. ముందు బడి, తరువాత వాచకం, ఆ తరువాత శాస్త్ర గ్రంథం. సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లోనూ, ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ఉద్యోగ విరమణ 1911లో జరిగింది. అంటే నేటికీ ముండా భాషల పరిశోధకులు సంప్రదించే ఈ గ్రంథాల వెనుక తరగతి గదిలో మొదలై దాదాపు నాలుగు దశాబ్దాలు సాగిన అనుభవం ఉంది. సవరలో నామం క్రియాపదంలో లీనమైనప్పుడు కుదించిన రూపం ధరిస్తుంది. స్వతంత్రంగా వాడే రూపం వేరు, సమ్మేళనంలో వాడే రూపం వేరు. ఇటువంటి సూక్ష్మాలను నమోదు చేయగలగడానికి పుస్తక పాండిత్యం ఒక్కటే చాలదు. మాట్లాడేవారి మధ్య ఏళ్ల తరబడి కూర్చుని వినాలి.

ఆ వినికిడికి ఆయన చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. మన్యంలో తిరుగుతూ మలేరియా బారిన పడ్డారు. చికిత్సకు వాడిన క్వినైను కారణంగా ఆయనకు చెవుడు వచ్చింది. ఒక భాష ధ్వనులను తొలిసారిగా శాస్త్రీయంగా నమోదు చేసిన వ్యక్తి ఆ ప్రయత్నంలోనే వినికిడి శక్తిని పోగొట్టుకున్నారు. అయినా కృషి ఆగలేదు. పైన పేర్కొన్న మూడు గ్రంథాలూ ఆయన డెబ్బైవ పడికి చేరువవుతున్నప్పుడూ, దాటిన తరువాతా అచ్చయినవే.

తెలుగు తరగతి గదిలో అదే ప్రశ్న

ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్స్ 1906 ప్రాంతంలో తెలుగు బోధనను గమనించి, ప్రజలు మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత అంతరం ఎందుకని ప్రశ్నించారు. విశాఖపట్నంలోని కళాశాల ప్రధానాధ్యాపకులు పి. టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు ఈ చర్చలో భాగస్వాములయ్యారు. ఈ ఘట్టాన్ని వ్యావహారిక ఉద్యమానికి ఆరంభంగా పేర్కొనడం పరిపాటి. గిడుగు విషయంలో మాత్రం ఈ ప్రశ్న అప్పుడే పుట్టింది కాదు. సవర బడిలో అంతకు పదేళ్లు పైబడి ఎదుర్కొన్న ప్రశ్నే తెలుగు బడిలో మళ్లీ తలెత్తింది.

తెలుగు విద్యార్థి ఇంట్లో 'వచ్చాడు' అంటాడు, 'చేస్తాను' అంటాడు. వ్యాసరచనలో 'వచ్చెను', 'చేసెదను' అని రాయాలి. అంతటితో ముగియదు. ఉచ్చారణలో లేని అర్ధానుస్వారాన్ని ఎక్కడ ఉంచాలో, శకటరేఫ ఏ మాటలో వస్తుందో గుర్తుంచుకోవాలి. ద్రుతప్రకృతికాలు, కళలు తెలిసి సరళాదేశ గసడదవాదేశాలు పాటించాలి. తన ఆలోచనను రాయదలచిన బాలుడి శ్రద్ధ అంతా రూపాల మీదికే పోతుంది. విషయం తెలిసినవాడు కూడా తప్పుల లెక్కలో ఓడిపోతాడు. సవర బాలుడికి తెలుగు ఎంత దూరమో అంత దూరం కాకపోయినా, తెలుగు బాలుడికీ బడి భాష పరాయిదే అయింది.

పండితులతో గిడుగు జరిపిన వాదానికి ఈ కోణం నుంచి చూస్తే కొత్త అర్థం స్ఫురిస్తుంది. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము' వంటి రచనల్లో ఆయన గ్రాంథిక పక్షపాతుల రాతల్లోనే గ్రాంథిక నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలను ఎత్తి చూపారు. దీన్ని ప్రత్యర్థులను నిరుత్తరులను చేసే ఎత్తుగడగా మాత్రమే భావించడం సరికాదు. జీవితమంతా ఆ భాషను అభ్యసించిన పండితులే తప్పకుండా పాటించలేని నియమాలను పదమూడేళ్ల పిల్లవాడు పాటించలేకపోతే, అది అతని అసమర్థత ఎలా అవుతుంది? ఆ తప్పుల పట్టికలో విద్యార్థి పక్షాన ఒక ఉపాధ్యాయుడి వాంగ్మూలం ఉంది. 'గద్యచింతామణి'లో పూర్వపు వచన రచనల నుంచి వాడుక రూపాలకు ఆధారాలు చూపడం కూడా ఈ దృష్టికి అనుబంధమే. బాలుడు రాసే రూపానికి వెనుకటి పెద్దల ప్రయోగం తోడున్నదని అది నిరూపిస్తుంది.

ఈ పోరాటం సాఫీగా సాగలేదు. పాఠశాలాంత పరీక్షలో వాడుక భాషకు కొంత వెసులుబాటు లభించినా, జయంతి రామయ్య పంతులు మొదలైన వారి ప్రతిఘటనతో అది నిలవలేదు. గురజాడ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రం ఆ సంఘర్షణకు సాక్ష్యం. గిడుగు 1919లో 'తెలుగు' అనే మాసపత్రికను నడిపారు. అదే ఏడాది కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి కార్యదర్శిగా పనిచేశారు. ఊరూరా ప్రసంగించారు. ఉద్యోగంలో ఉండగా గదిలోని విద్యార్థుల కోసం చేసిన పనిని, విరమణ తరువాత తాను చూడని విద్యార్థులందరి కోసం కొనసాగించారు.

ఒక పరిమితి

గిడుగు కృషిని ప్రశంసించడంతో సరిపెట్టుకుంటే చరిత్ర అసంపూర్ణమవుతుంది. ఉపాధ్యాయుడు ఒక్కడే సొంత సొమ్ముతో నడిపే బడికి ఆయుర్దాయం పరిమితం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆ విలీనాన్ని వ్యతిరేకించిన గిడుగు, అర్ధశతాబ్దానికి పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. సవర బడులకు ఆయన ఇచ్చిన ఊపు శాశ్వతమైన వ్యవస్థగా నిలదొక్కుకోలేదు.

మరో విషయం కూడా పరిశీలించదగ్గది. అదే 1936లో సవర సమాజానికే చెందిన మంగై గొమాంగో తమ భాషకు 'సొరాంగ్ సొంపెంగ్' అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. బయటి నుంచి వచ్చిన గురువు ఇచ్చిన రాతను స్వీకరించడంతో ఆగక, తమ అక్షరాన్ని తామే సృష్టించుకోవాలన్న ఆకాంక్ష ఆ లిపిలో వ్యక్తమైంది. దీన్ని గిడుగు కృషికి వైఫల్యంగా భావించనక్కరలేదు. నేర్చినవారే తమ చదువుకు కర్తలు కావడం ఏ బోధనకైనా అంతిమ ప్రయోజనం. అయితే గురువు చేసిన దానితో పాటు శిష్య సమాజం తనంతట తాను చేసుకున్న దాన్ని కూడా మన చరిత్రలు నమోదు చేయాలి.

ఉపసంహారం

గిడుగు అనుభవం నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. వెనుకబడిన విద్యార్థికి చదువు మీద ఆసక్తి కలగడానికి ఉద్బోధ చాలదు, అతడు తెచ్చుకున్న భాషకు బడిలో చోటు ఉండాలి. ఆ చోటు కల్పించడానికి ఉపాధ్యాయుడు ముందుగా విద్యార్థి నుంచి నేర్చుకోవాలి. తరగతి గదిలో గుర్తించిన అడ్డు పాఠ్యపుస్తకంలోనో పరీక్షా విధానంలోనో ఉంటే, దాన్ని తొలగించే పోరాటం కూడా బోధనలో భాగమే.

ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు సభల్లో వ్యావహారిక వాదానికి దక్కే స్థానం సవర బడికి దక్కదు. ఇరవై ఒకటో శతాబ్దం తొలి దశకంలో ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య ప్రారంభించినప్పుడు, ఆ భాషల్లో సవర కూడా ఉండటం శతాబ్దం కిందటి ప్రయత్నానికి ఆలస్యంగా వచ్చిన సమాధానం. గిడుగును తెలుగు భాషకు సేవ చేసిన వ్యక్తిగా మాత్రమే స్మరిస్తే, నేడు మన తరగతి గదుల్లో తెలుగే పరాయి భాషగా కూర్చున్న పిల్లలు మన దృష్టిని దాటిపోతారు. ఆ పిల్లల పక్షాన తెలుగును కూడా ప్రశ్నించగల ధైర్యం ఆయన బోధనా దృష్టిలో ఉంది. తెలుగు శాఖలు ఆయన నుంచి స్వీకరించవలసిన వారసత్వంలో ఇప్పటికీ మిగిలిపోయిన భాగం అదే.